వ్యాసం మార్జిన్‌లో మొదలవుతుంది

(కోఠీలో హైస్కూలు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకు వినపడుతోందా? సరే.

ముందు ఒక చిన్న పని చేద్దాం. బ్యాగులో సోషల్ నోట్సు ఉన్నవాళ్లు బయటికి తీయండి. ఏ పాఠమైనా పర్వాలేదు. పక్కనున్న వాళ్ల నోట్సులో కూడా అదే పాఠం తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఏమైనా తేడా ఉందా? లేదంటున్నారు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒకటే. హెడ్డింగుల కింద ఎర్ర గీత కూడా ఒకేలా ఉందని ఈ అమ్మాయి చూపిస్తోంది. ఇందులో మీ తప్పేమీ లేదు. మేము చెప్పాం, మీరు రాశారు. కానీ క్లాసులో నలభై మంది ఉంటే, ఒక్క టీచర్ నోట్సుకు నలభై కాపీలు తయారయ్యాయి. మీ నోట్సు ఇంకా పుట్టలేదు.

నేను ఈ నగరంలో ఇరవై తొమ్మిదేళ్లు సోషల్ చెప్పాను. తెలుగు టీచర్ లేని ఏళ్లలో తెలుగు కూడా చెప్పాను. మొదట్లో నేనూ అందరిలాగే నోట్సు డిక్టేట్ చేసేదాన్ని. పిల్లలకు అదే మేలని నిజంగా నమ్మాను. ఒకసారి హైదరాబాద్ జలాశయాల గురించి చెబుతూ పొరపాటున రెండు సంవత్సరాలు తారుమారు చేశాను. మనం గండిపేట అని పిలిచే ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో. నేను దాన్ని దీనికీ, దీన్ని దానికీ పెట్టి చెప్పేశాను. నెల తర్వాత యూనిట్ టెస్టు పెట్టాను. 38 పేపర్లు వచ్చాయి. 38 పేపర్లలోనూ అదే తప్పు, అదే వాక్యంలో, అదే చోట. సరైన సంవత్సరాలు వాళ్ల చేతిలోని పుస్తకంలోనే ఉన్నాయి. నోట్సునీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. రాసుకున్నాం కాబట్టి పాఠం అయిపోయిందనుకున్నారు.

ఆ పేపర్లు దిద్దిన రాత్రి నాకు చాలా బాధ కలిగింది. సంవత్సరం తప్పు చెప్పినందుకు కాదు, దాన్ని మర్నాడు దిద్దుకోవచ్చు. ఇన్నేళ్లు పిల్లల చేతికి పని చెప్పి వాళ్ల బుర్రకు సెలవిచ్చాను కదా అని. ఆ తర్వాత నేను నోట్సు డిక్టేట్ చేయలేదు. తల్లిదండ్రులు కొందరు వచ్చి, మేడం, మీ క్లాసులో నోట్సు ఇవ్వట్లేదట అని అడిగారు. ఇవ్వట్లేదమ్మా, పిల్లల చేత తయారు చేయిస్తున్నాను అని చెప్పాను. కొందరికి నచ్చలేదు. ఇవాళ ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రుల్లో కూడా ఆ అనుమానం ఉన్నవాళ్లు ఉంటారు. ఈ మాట మీకూ చెబుతున్నాను, వినండి.

ఎవరైనా మాట్లాడుతుంటే ప్రతి మాటా రాయడం కుదరదు. మాట ఎంత వేగంగా వెళ్తుందో చేయి అంత వేగంగా వెళ్లదు. రాయాలని పట్టుపడితే చెవి మూసుకుపోతుంది. ఒక వాక్యం రాస్తుండగా తర్వాతి రెండు వాక్యాలు వెళ్లిపోతాయి. అందుకే మీరు పక్కవాళ్లను గోకి, ఏం చెప్పారు, ఏం చెప్పారు అని అడుగుతుంటారు. కాబట్టి ఏదో ఒకటి వదలక తప్పదు. ఏది వదలాలో మీరే తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే అర్థం చేసుకోవాలి. నోట్సు వల్ల మనకు జరిగే మేలంతా ఆ తేల్చుకోవడంలోనే ఉంది. పేజీలో మిగిలే అక్షరాలు దాని గుర్తు మాత్రమే.

మీకు మైకేల్ ఫారడే పేరు తెలుసు. ఫిజిక్స్ పుస్తకంలో విద్యుదయస్కాంత ప్రేరణ దగ్గర వస్తుంది. 1831లో ఆయన కనుక్కున్నది. ఆయన కమ్మరి కొడుకు. బడి చదువు చాలా తక్కువ. లండన్‌లో పుస్తకాలకు అట్టలు వేసే దుకాణంలో పని నేర్చుకునేవాడు. 1812లో ఆ దుకాణానికి వచ్చే ఒకాయన అతనికి టికెట్లు ఇచ్చాడు, హంఫ్రీ డేవీ అనే గొప్ప రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలకు. నాలుగు ఉపన్యాసాలు. ఫారడే వెళ్లి కూర్చుని క్లుప్తంగా రాసుకున్నాడు. ఇంటికొచ్చాక వాటిని విప్పి, అర్థమయ్యేలా వివరంగా మళ్లీ రాశాడు, బొమ్మలు వేశాడు. దాదాపు 300 పేజీలైంది. చేతిలో ఉన్న విద్యే కాబట్టి తనే బైండింగ్ చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది, 1813లో, డేవీ అతన్ని ప్రయోగశాలలో సహాయకుడిగా తీసుకున్నాడు.

ఇందులో మీరు గమనించాల్సింది 300 పేజీలు కాదు. రెండు సార్లు రాయడం. హాల్లో ఒకసారి, క్లుప్తంగా. ఇంట్లో ఒకసారి, తన బుర్రతో. మనకూ రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు అని రెండు ఉన్నాయి. కానీ మన ఫెయిర్ నోట్సు అంటే రఫ్‌లో ఉన్నదాన్నే గుండ్రటి అక్షరాలతో ఎక్కించడం. మధ్యలో ఆలోచన జరగాల్సిన చోట స్కేలు, స్కెచ్ పెన్ను వచ్చి కూర్చున్నాయి. అక్షరం అందంగా ఉండాలి, నేను కాదనను. ముందు లోపల సరుకు ఉండాలి.

మనవాళ్లలోనూ ఇలాంటి మనిషి ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి గారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన మనిషిగా ఆయన మీకు తెలుసు. అంతకు ముందు ఆయన చేసిన ఇంకో పని ఉంది. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్నప్పుడు అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్పడానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన నోటి వెంట వచ్చిన మాటను విని రాసుకుంటూ నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి. ఆ రాసుకున్న కాగితాల్లోంచే తర్వాత సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు వచ్చాయి. విన్నది రాసుకోవడం, రాసుకున్నదాన్ని మళ్లీ అడిగి సరిచూసుకోవడం, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చుకోవడం. నోట్సు అంటే ఇంతే. ఆయన దాన్ని ఒక భాషంత పెద్ద పనిగా చేశారు.

సరే, ఇప్పుడు మనం చేద్దాం. నేను కొన్ని వాక్యాలు చెబుతాను. పెన్ను పట్టుకోకుండా వినండి.

1908 సెప్టెంబర్ 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. విడవకుండా కురిసిన వానకు నదికి పైనున్న చెరువులు నిండాయి, కట్టలు తెగాయి. అవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. అలా రెండు వందలకు పైగా చెరువులు తెగి నీరంతా నదిలోకి వచ్చింది. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. చనిపోయినవాళ్లు దాదాపు 15,000 మంది అని ఎక్కువగా రాస్తారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతికారు. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీకి అడ్డంగా హిమాయత్ సాగర్ కట్టారు.

ఇప్పుడు పెన్ను తీయండి. లాంగ్ నోట్‌బుక్ అయితే ఎడమవైపు మార్జిన్‌ను కొంచెం జరిపి వెడల్పు చేయండి. మూడు వేళ్ల వెడల్పు చాలు. కింద నాలుగైదు గీతలు ఖాళీగా వదలండి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ప్రొఫెసర్ 1950ల్లో విద్యార్థులకు నేర్పిన పద్ధతి ఇది. కుడివైపు విన్నది. ఎడమవైపు ప్రశ్న. కింద రెండు మూడు వాక్యాల్లో సారం. 

కుడివైపు ఏం రాస్తారు? ఈ బాబు చదువుతున్నాడు, వినండి: "1908 సెప్టెం. 28. మూసీ వరద. వాన, చెరువులు తెగె, ఒకదాని మీద ఒకటి, 200 పైన. చింతచెట్టు 150. తర్వాత విశ్వే., రెండు డ్యాములు." చాలా బాగుంది. నేను అంతసేపు చెప్పినది రెండు గీతల్లోకి వచ్చింది. అయినా అసలు సంగతి పోలేదు. సెప్టెంబర్‌ను సగానికి కోశాడు, విశ్వేశ్వరయ్యను రెండు అక్షరాలు చేశాడు. అలా చేయొచ్చు. కారణం అన్నచోట బాణం గుర్తు వేసుకోవచ్చు. మీ గుర్తులు మీకు అర్థమైతే చాలు, అవి టీచర్ కోసం కాదు. "15,000" దగ్గర ఒక్క ప్రశ్నార్థకం పెట్టి "అంటారు" అని రాసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కరున్నారు. శభాష్ తల్లీ. లెక్క ఎవరు చెప్పారో, ఎంత గట్టిదో గుర్తు పెట్టుకునే అలవాటు ఇప్పుడే వస్తే పెద్దయ్యాక వాట్సాప్‌లో వచ్చే ప్రతిదీ నమ్మరు.

ఇంకొక మాట. ఇక్కడ ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉన్నారు, మరాఠీ వాళ్లు ఉన్నారు, లంబాడీ మాట్లాడేవాళ్లు ఉన్నారు. బడి మాత్రం ఇంగ్లిష్ మీడియం. రఫ్ నోట్సులో ఏ భాష మాట ముందు తట్టితే అది రాయండి. కట్ట అని తట్టితే కట్ట, బంద్ అని తట్టితే బంద్. నా క్లాసులో ఒక అమ్మాయి మార్జిన్‌లో ఎప్పుడూ ఉర్దూలో ప్రశ్నలు రాసుకునేది. ముందు వద్దన్నాను. అలా అన్నది తప్పని తర్వాత నాకే అర్థమైంది. ఆ అమ్మాయి ఆలోచించేది ఆ భాషలోనే. అర్థం కాని ఇంగ్లిష్ వాక్యాన్ని అక్షరం పొల్లు పోకుండా దింపుకోవడం కంటే, అర్థమైన ముక్కను ఇంటి భాషలో రాసుకోవడం వెయ్యి రెట్లు నయం. ఫెయిర్ రాసేటప్పుడు పరీక్ష భాషలోకి మారుద్దాం.

ఇప్పుడు ఎడమవైపు. అసలు విషయం అక్కడే ఉంది. ఇంటికెళ్లాక, వీలైతే అదే రోజు సాయంత్రం, ఆ మార్జిన్‌లో ఒక ప్రశ్న రాయండి. పాఠం వెనక ఉండే ప్రశ్న కాదు, మీకు వచ్చిన ప్రశ్న. మూసీ దగ్గర మీకేం ప్రశ్న వచ్చింది? "చింతచెట్టు ఇప్పుడుందా?" ఉంది, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో. ఇక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు. వెళ్లి చూడండి, పైకి ఎంత మంది పట్టగలరో లెక్కేయండి. ఇంకా? "వాన ఎంత పడింది?" మంచిది. ఇంకొకరు. "వరద రావడానికి వాన ఒక్కటే కారణమా?"

ఈ చివరి ప్రశ్న అడిగింది ఎవరు? లేచి నిలబడమ్మా. ఈ ప్రశ్న పట్టుకునే మనం వ్యాసం రాయబోతున్నాం.

వ్యాసంలోకి వెళ్లేముందు నోట్సు గురించి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నోట్సును ఎలా చదవాలి? అందరూ చేసేది మళ్లీ మళ్లీ చదవడం. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని పరీక్షించారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తొచ్చింది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే ఎక్కువసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం. పరీక్ష హాలు గేటు దగ్గర నిలబడి పేజీలు తిప్పితే ధైర్యంగా అనిపించేది ఈ ఐదు నిమిషాల సంగతే. అందుకే మార్జిన్‌లో ప్రశ్న ఉండాలి. కుడివైపు చేత్తో మూసేసి, ప్రశ్న చూసి జవాబు చెప్పుకోవచ్చు. జవాబు రాకపోతే చేయి తీసి చూడండి. ఇంతే, వేరే యంత్రాంగం అక్కర్లేదు.

ఇక వ్యాసం.

మన తెలుగులో ఈ రకం రచనకు మొదట వ్యాసం అన్న పేరు లేదు. సామినేని ముద్దు నరసింహం అనే ఆయన రాసిన పుస్తకం 1862లో అచ్చయింది. అందులో రచనలను ఆయన ప్రమేయాలు అన్నారు. నాకు ఆ మాట చాలా ఇష్టం. ప్రమేయం అంటే తెలుసుకోవలసిన సంగతి, నిర్ధారించవలసిన సంగతి. అంటే రాసేవాడికి ఒక విషయం తేల్చాలని ఉండాలి. మీ వ్యాసాల్లో మీరు ఏం తేలుస్తున్నారు? "నీటి ప్రాముఖ్యత" అని ఇస్తే, "నీరు ప్రాణాధారం. నీరు లేనిదే మానవుడు జీవించలేడు. ప్రాచీన కాలం నుండి నాగరికతలు నదీ తీరాల్లో వెలిశాయి" అని మొదలుపెడతారు. ఇందులో అబద్ధం లేదు. కానీ దీన్ని కాదనేవాళ్లు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా? ఎవరూ కాదనని మాటను తేల్చాల్సిన పనేముంది? దిద్దే టీచర్ కళ్లు ఆ వాక్యాల మీద నుంచి జారిపోతాయి. నేను వేల పేపర్లు దిద్దాను, చెబుతున్నాను.

ఇప్పుడు మన ప్రశ్నకు రండి. వరదకు వాన ఒక్కటే కారణమా? దీనికి అవును అనేవాళ్లు ఉంటారు, కాదు అనేవాళ్లు ఉంటారు. అందుకే ఇది వ్యాసానికి పనికొస్తుంది. మీ జవాబు ఒక్క వాక్యంలో రాయండి. "1908లో నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, ఒకదాని మీద ఒకటి తెగిన చెరువులు కూడా." ఈ వాక్యం కాగితం పైన రాసి పెట్టుకోండి. ఇక మీరు రాసే ప్రతి పేరా వచ్చి ఈ వాక్యానికి జవాబు చెప్పాలి. చెప్పలేని పేరా ఎంత బాగున్నా తీసేయాలి. ఉదాహరణకి విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు సెప్టెంబర్ 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారని మీకు తెలుసు. రాయాలని చేయి లాగుతుంది. ఈ వ్యాసంలో దానికి చోటు లేదు. నోట్సు దగ్గర వదలడం నేర్చుకున్నారు చూడండి, ఇక్కడ మళ్లీ అదే పని. అది వచ్చినవాళ్లకు ఇది సులువు.

మొదటి పేరా ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే చింతచెట్టు దగ్గర మొదలుపెడతాను. కొమ్మలు పట్టుకుని కూర్చున్న మనుషులు, కింద నది. చదివేవాడు అక్కడికి వచ్చి నిలబడతాడు. ఆ తర్వాత, ఇంత నీరు ఎక్కడి నుంచి వచ్చింది అని అడగండి. రెండో పేరా వాన, చెరువులు. గొలుసుకట్టు అంటే ఏమిటో, పైదాని నీరు కిందికి ఎలా వస్తుందో నెమ్మదిగా చెప్పండి. తొందరపడొద్దు. మీ వ్యాసానికి వెన్నెముక ఇదే.

మూడో పేరాలో ఎదుటివాడి మాట రావాలి. "ఆ వాన మామూలు వాన కాదు కదా, ఏ చెరువైతే మాత్రం ఆగుతుంది?" అంటాడు. నిజమే. దాన్ని ఒప్పుకోండి. ఒప్పుకుంటే మీ మార్కులు పోవు, మీ మాట బలపడుతుంది. ఒప్పుకున్నాక అడగండి, మరి విశ్వేశ్వరయ్య నదికి పైన నీటిని ఆపే జలాశయాలు ఎందుకు కట్టమన్నారు? వానను ఎవరూ ఆపలేరు. నీరు అంతా ఒక్కసారి ఊరి మీద పడకుండా ఆపొచ్చు. ఆయన సలహా మీ వాదానికి సాక్ష్యం అయింది. ఇందాక నోట్సులో "రెండు డ్యాములు" అని రాసుకున్న ముక్క ఇక్కడ పనికొచ్చింది చూశారా?

తర్వాత ఇవాళ్టికి రండి. 2020 అక్టోబర్ మీలో చాలామందికి గుర్తుండాలి, చిన్నపిల్లలుగా ఉంటారు. బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. వందేళ్లు దాటాక మళ్లీ చెరువు కట్టే. ఇది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయొచ్చు. మా వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, ఏ రోజు వచ్చాయి, మనం ఎక్కడికి వెళ్లాం. అమ్మ చెప్పినదాన్ని అమ్మ చెప్పినట్టుగా రాసి, అమ్మ చెప్పిందని రాయండి. అది గైడులో దొరకదు.

సాక్ష్యం అనేసరికి నాకు సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తొస్తారు. 1926 నుంచి ఈ నగరంలో గోలకొండ పత్రిక నడిపిన మనిషి. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు రాశారు. అలాంటి మాట వింటే మనం ఏం చేస్తాం? కోప్పడతాం, ఎవరు నువ్వు అనడానికి అని తిరిగి తిడతాం. ఆయన కవులను వెతికారు. పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. లేరు అన్న ఒక్క మాటకు 354 పేర్ల జవాబు. వ్యాసంలో మీరు గట్టిగా ఒక మాట అన్నప్పుడల్లా, నా 354 ఏవి అని అడగండి. మీ దగ్గర మూడున్నా చాలు. అసలు ఉండాలి.

ఎక్కడ దొరుకుతాయంటారా? ఇక్కడికి దగ్గర్లోనే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో పెట్టిన గ్రంథాలయం. తెలుగులో బడే దొరకని రోజుల్లో మనవాళ్లు చందాలు వేసుకుని నిలబెట్టారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, నాన్నను ఒక్కసారి తీసుకెళ్లమనండి. ఫోన్‌లో వెతకండి, కాదనను. కానీ ఫోన్‌లో దొరికినదాన్ని కాపీ చేసి పెట్టొద్దు. చదివి, ఫోన్ పక్కన పెట్టి, గుర్తున్నది మీ మాటల్లో రాసి, మళ్లీ తెరిచి సరిచూసుకోండి. ఇప్పుడు ఫోన్‌ని అడిగితే వ్యాసం మొత్తం అదే రాసిస్తోంది కదా మేడం అని మొన్న ఒక బాబు అడిగాడు. రాసిస్తుంది నాన్నా. నీ బదులు ఎవరైనా మైదానంలో పరిగెత్తితే నీ కాళ్లకు బలం వస్తుందా? వాడికి అర్థమైంది.

ఇప్పుడు వాక్యం గురించి. తెలుగులో క్రియ చివర వస్తుంది. అందుకని పనుల మీద పనులు చేర్చుకుంటూ పోతే వాక్యానికి ఊపిరాడదు. "ప్రజలు ఇళ్లు వదిలి, పిల్లల్ని ఎత్తుకొని, చెట్లెక్కి, సాయం కోసం అరిచి, తెల్లవారేదాకా ఎదురుచూసి..." ఇంకా ఎక్కడ ఆగుతుందో తెలియదు. రెండు 'ఇ'లు వచ్చాక ఆపండి. మూడోది కొత్త వాక్యం. ఇంకొకటి, ఇంగ్లిష్ నుంచి మనకు పట్టిన జబ్బు. "విశ్వేశ్వరయ్యచే ప్రణాళిక తయారు చేయబడినది." ఇంట్లో ఎవరైనా "అమ్మచే అన్నం వండబడినది" అంటారా? "విశ్వేశ్వరయ్య ప్రణాళిక తయారుచేశారు." అంతే. రాసింది పైకి చదివి చూసుకోండి. నాలుక తడబడిన చోట వాక్యం తప్పుగా ఉన్నట్టే. ఇంట్లో నానమ్మ ఉంటే నానమ్మకు చదివి వినిపించండి. ఆమె మధ్యలో "ఏమిట్రా?" అంటే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి.

పరీక్షలో ఇదంతా చేయడానికి టైం ఎక్కడిది అంటారు. ఉంది. ముందు ప్రశ్నలో చివరి మాట చూడండి. వివరించండి అంటే ఒకటి, పోల్చండి అంటే ఇంకొకటి, సమర్థించండి అంటే మరొకటి. పోల్చమంటే ఒకదాని గురించి మొత్తం రాసి, తర్వాత రెండోదాని గురించి మొత్తం రాస్తారు. అది పోల్చడం కాదు. పోల్చడం అంటే ఒకే సంగతిలో రెండింటినీ పక్కపక్కన పెట్టడం. ఆ తర్వాత పేపర్ చివరి పేజీలో మూడు నాలుగు నిమిషాలు ముక్కల్లో ప్లాను వేయండి, రాశాక కొట్టేయండి. చుట్టూ అందరూ గబగబా రాస్తుంటే టెన్షన్ వస్తుంది, తెలుసు. వాళ్లను రాయనివ్వండి. ప్లాను ఉన్నవాళ్లు మధ్యలో ఆగరు.

చివరి పేరా గురించి అడుగుతారు. "కావున మనమందరం నీటిని కాపాడుకుందాం" అని రాయాలా మేడం అని. వద్దు. మీరు తేల్చిన చివరి సంగతి దగ్గర ఆగండి. ఈ వ్యాసానికి గుర్రం చెరువు దగ్గర ఆగితే చాలు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. రఫ్ నోట్సులో కొట్టివేతలు, బాణాలు, వంకర అక్షరాలు చూసి పిల్లల్ని తిట్టకండి. కొట్టివేత ఉందంటే అక్కడ మీ బిడ్డ ఒకటి అనుకుని, ఇంకొకటి మేలనుకున్నాడు. మీకు టైం ఉంటే రోజూ ఒక్క పని చేయండి. రాత్రి భోజనం దగ్గర, ఈరోజు మార్జిన్‌లో ఏం ప్రశ్న రాశావు అని అడగండి. జవాబు మీకు తెలియకపోయినా ఏం కాదు.

ఇప్పుడు పిల్లలూ, నేను చాలాసేపు మాట్లాడాను. మీరు రాసుకున్న నోట్సు మూసేయండి. పూర్తిగా. కొత్త పేజీ తీయండి, మార్జిన్ మూడు వేళ్లు. కుడివైపు మీకు గుర్తున్నది రాయండి. ఫారడే రావచ్చు, చింతచెట్టు రావచ్చు, ఏదీ పూర్తిగా రాకపోవచ్చు. ఎడమవైపు ఒక్క ప్రశ్న. నేను చెప్పినదాంట్లో మీరు ఒప్పుకోని సంగతి ఏదైనా ఉంటే ఆ ప్రశ్న రాయండి, అది ఇంకా మంచిది. పది నిమిషాలు. నేను వరసల మధ్య తిరుగుతుంటాను. నాకు చూపించాల్సిన పని లేదు, అడగాలనిపిస్తే ఆపి అడగండి. మొదలుపెట్టండి.